పాత పికప్‌కి కొత్త గ్రిల్ జాలీ: బెజవాడ ఎండకి ఊపిరాడేలా బిగించే పద్ధతి

మా ఇంట్లో 1990ల నాటి టాటా మొబైల్ పికప్ ఒకటుంది. 1988లో టాటా వాళ్లు 206తో మొదలుపెట్టిన వరసలోది. నాన్న దాని మీద ఏళ్ల తరబడి గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తోలారు. ఇప్పుడది నా చేతికొచ్చింది. ఇంజిను గట్టిదే, ఛాసిస్ గట్టిదే, ముందున్న ప్లాస్టిక్ గ్రిల్ మాత్రం ఎండకి బూడిద రంగుకి తిరిగి, రెండు పట్టీలు విరిగి, పళ్లూడిన నోరులా ఉండేది. దానికి జాలీ ఇన్సర్ట్ వేయాలనుకున్నాను. ఒకసారి తప్పుగా వేశాను, రెండోసారి సరిగ్గా వేశాను. పాత జీపు పికప్పయినా, టాటా 207 అయినా, మరో కంపెనీ బండయినా పని ఇదే వరసలో సాగుతుంది. కొలతలు మాత్రం మీ బండివి మీరే తీసుకోవాలి.

ముందు నా తప్పు చెప్పేస్తాను, ఎందుకంటే జాలీ ఎంచుకునే పద్ధతి మొత్తం దాని మీదే నిలబడి ఉంది. మొదటిసారి ఒక దుకాణంలో చిన్న చిన్న గుండ్రటి చిల్లులున్న స్టీల్ రేకు కొన్నాను. మెరుపు చూసి మనసు పడ్డాను. పాత గ్రిల్ వెనకాల బిగించి, మే నెల మధ్యాహ్నం గుంటూరు నుంచి లోడుతో బయల్దేరాను. నా ముందు మిర్చి లారీ ఒకటి పోతోంది. కాజ టోల్ దగ్గర వరసలో నిలబడేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి చేరింది. పక్కకి తీసి బానెట్ ఎత్తితే, రేకు చిల్లుల్లో సగం మిర్చి తొడిమలు, పొట్టు ఇరుక్కుని మూసుకుపోయి ఉన్నాయి. ఆటోనగర్‌లో నాకు తెలిసిన మేస్త్రీకి చూపిస్తే, ఆయన వేలితో ఒక తొడిమ గిల్లి తీసి, "అబ్బాయ్, అద్దంలో మొహం చూసుకున్నట్టు గ్రిల్ చూసుకున్నావు. అది బండికి ముక్కు కదా!" అన్నాడు.

జాలీ ఎంపిక: అందం తర్వాత, ఖాళీ ముందు

జాలీలో గాలి పోయే ఖాళీ ఎంత శాతమో లెక్క కట్టడం తేలిక. అల్లిన తీగ జాలీ అయితే, కన్ను (తీగల మధ్య ఖాళీ) వెడల్పుని, కన్ను వెడల్పు ప్లస్ తీగ మందంతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చవేయండి. 10 మిల్లీమీటర్ల కన్ను, 2 మిల్లీమీటర్ల తీగ ఉంటే 10ని 12తో భాగించి వర్గం చేయాలి, అంటే 69 శాతం ఖాళీ. 6 మిల్లీమీటర్ల కన్ను, ఒకటిన్నర తీగ అయితే 64. 3 మిల్లీమీటర్ల కన్ను, 1 మిల్లీమీటరు తీగ అయితే 56. అదే నేను కొన్న చిల్లుల రేకులో 6 మిల్లీమీటర్ల చిల్లులు 9 మిల్లీమీటర్ల దూరంతో ఉన్నాయి. అటువంటి రేకులో ఖాళీ 40 శాతమే.

ఇక్కడే చాలామంది ఒక సంగతి మరిచిపోతారు. పాత గ్రిల్ పట్టీలు అలాగే ఉంచి వెనకాల జాలీ వేస్తే రెండు అడ్డాలు కలుస్తాయి. పాత గ్రిల్‌లో 60 శాతం ఖాళీ ఉందనుకోండి. దాని వెనక 69 శాతం జాలీ వేస్తే మిగిలేది సుమారు 41. నా చిల్లుల రేకు వేస్తే మిగిలింది 24. గాలి లెక్క కచ్చితంగా ఇంత సూటిగా ఉండదు కానీ, ఏది కొనాలో తేల్చుకోవడానికి ఇది చాలు. పట్టీలు తీసేసి వాటి స్థానంలోనే జాలీ వేస్తే ఒక అడ్డమే మిగులుతుంది, గాలికి అదే మంచిది. కాకపోతే అందుకు పాత గ్రిల్‌ని కోయాలి. మా బండి గ్రిల్ మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం నాకు లేదు కాబట్టి దాన్ని కోయడానికి నేను ఒప్పుకోను. విరిగిన గ్రిల్ ఇంకోటి పాత సామాన్ల దుకాణంలో దొరికితే దాన్ని కోసుకోండి, అసలుది అటక మీద పెట్టండి.

నా మాట: కన్ను 8 నుంచి 12 మిల్లీమీటర్లు, తీగ 2 మిల్లీమీటర్ల లోపు. అంతకన్నా సన్న జాలీ రాళ్లని బాగా ఆపుతుంది కానీ, మన రోడ్ల మీద మిర్చి తొడిమలు, వరి పొట్టు, పంటకాలవల పక్కన సాయంత్రం లేచే పురుగులు దాన్ని వారంలో మూసేస్తాయి. అడ్డంగా అల్యూమినియం కడ్డీలు పేర్చిన బిల్లెట్ రకం చూడటానికి బాగుంటుంది, శుభ్రం చేయడమూ తేలిక. అయితే అవి ఫలానా బండికని కొలతతో వస్తాయి. మన పాత పికప్‌కి సరిపోయేది దొరకడం కష్టం, కొట్టి సరిచేయడం ఇంకా కష్టం.

లోహం విషయానికొస్తే, 304 స్టెయిన్‌లెస్ అడగండి. 202 కూడా మెరుస్తుంది, కాకపోతే నికెల్ తక్కువ కాబట్టి తొందరగా చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. బందరు వైపు, బాపట్ల వైపు సముద్రపు గాలిలో తిరిగే బండైతే తేడా ఒక్క వానాకాలంలో కనపడుతుంది. అయస్కాంతం పెట్టి పరీక్షించాం అనే మాట నమ్మకండి. ఆ రెండు రకాలకీ అయస్కాంతం సరిగ్గా అంటదు, వంచిన చోట రెండిటికీ కొద్దిగా అంటుతుంది. బిల్లులో గ్రేడు రాయించుకోవడమే మార్గం. అల్యూమినియం జాలీ తేలిక, చేత్తో వంగుతుంది, కానీ రాయి తగిలితే గుంట పడుతుంది. జీఐ (జింకు పూసిన ఇనుము) జాలీ కోసిన అంచుల్లో జింకు పూత పోతుంది, అక్కడ రంగు వేయకపోతే తుప్పు మొదలవుతుంది.

గ్రిల్ ఊడదీయడం

ఈ పనికి పొద్దున పది గంటల ఎండ మంచిది. చలికాలం తెల్లవారుజామున పాత ప్లాస్టిక్ బిస్కెట్‌లా విరుగుతుంది. కాస్త వేడెక్కితే లాకులు వంగుతాయి. ముందురోజు రాత్రే స్క్రూలకి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. హారను, లైట్ల వైర్లు గ్రిల్‌కి దగ్గరగా పోతుంటే బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. విప్పేముందు ఫోనులో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. ఏ స్క్రూ ఏ చిల్లులోదో గుర్తుండటానికి ఒక అట్టముక్క మీద గ్రిల్ బొమ్మ గీసి, తీసిన స్క్రూని అదే చోట గుచ్చుతాను నేను. పొడుగు తేడా ఉన్న స్క్రూ పొరపాటున వేరే చోట పడితే ప్లాస్టిక్ బుడిపె పగులుతుంది.

రాకపోతే లాగకండి. ఎక్కడో ఒక స్క్రూ మిగిలిపోయిందన్నమాట. హెడ్‌లైటు చట్రం కింద, నెంబరు ప్లేటు వెనక వెతకండి. జీపు రకం పికప్‌లో గ్రిల్ విడిగా రాదు. అది బాడీ రేకులోనే అచ్చు కొట్టిన ముఖం. అటువంటి బండికి జాలీని వెనక నుంచే వేయాలి, రేడియేటర్ బోల్టులు విప్పి వెనక్కి జరపాల్సి రావచ్చు. ఆ పని ఇంజిను పూర్తిగా చల్లారాకే.

గ్రిల్ బయటికొచ్చాక డిష్‌వాష్ నీళ్లతో కడగండి. పెట్రోలుతో తుడవడం మానుకోండి. విరిగిన పట్టీలు అతికేముందు ప్లాస్టిక్ ఏ రకమో తెలియాలి. వెనకాల కనపడని మూల ఒక చుక్క అసిటోన్ వేసి అరనిమిషం ఆగండి. జిగటగా మెత్తబడితే ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్. అప్పుడు అదే ప్లాస్టిక్ తురుముని అసిటోన్‌లో నానబెట్టి, పేస్టు చేసి పగులులో నింపొచ్చు, ఆరితే ఒకే ముక్క అవుతుంది. అసలేమీ కాకపోతే పాలీప్రొపిలీన్ కావచ్చు, దానికి మామూలు గమ్ము పట్టదు. సోల్డరింగ్ ఐరన్‌తో వెనక నుంచి సన్న స్టీల్ జాలీ ముక్క కరిగించి పొదగాలి. ఈ పని గాలాడే చోట, మంటకి దూరంగా చేయండి.

అట్ట నమూనా, కోత

జాలీ మీద నేరుగా గీయొద్దు. ముందు అట్టతో నమూనా. బెజవాడ వస్త్రలత బట్టల మార్కెట్‌లో చీరలొచ్చే పెట్టెల అట్ట దీనికి చాలా బాగుంటుంది: పలచగా, గట్టిగా, కత్తెరకి లొంగేలా. గ్రిల్‌ని బోర్లా పెట్టి, వెనక అంచులకి అట్ట ఆనించి, వేలితో నొక్కి అచ్చు తీయండి. నాలుగు వైపులా పట్టుకోవడానికి 15 మిల్లీమీటర్లు ఎక్కువ వదలండి. గ్రిల్ మధ్యగీత, జాలీ మధ్యగీత రెండూ మార్కరుతో గీయండి. డైమండ్ కన్ను జాలీ అయితే ఈ మధ్యగీత ప్రాణం. ఒక్క కన్ను పక్కకి జరిగినా ఎదుటినుంచి చూసేవాడికి బండి మూతి వంకరపోయినట్టు కనిపిస్తుంది. అట్టని గ్రిల్‌లో పెట్టి, గ్రిల్‌ని బండికి పెట్టి, బానెట్ వేసి తీసి చూడండి. బానెట్ లాకు కొక్కెం దిగే చోట అట్ట తగిలితే అక్కడ గంటు కొట్టండి. రేడియేటర్‌కి, జాలీకి మధ్య కనీసం 25 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. పాత డీజిలు ఊపుడికి వదులైన జాలీ రేడియేటర్ రెక్కల్ని గీరిందంటే కొత్త ఖర్చు తయారు.

కోతకి 1 మిల్లీమీటరు మందం కటింగ్ చక్రం, కళ్లద్దాలు, చేతికి తొడుగులు. స్టీల్ తీగ ముక్కలు సూదుల్లా ఎగురుతాయి. కళ్లద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. గ్రైండర్ చేతికి అలవాటు లేకపోతే ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డుకి అట్ట పట్టుకెళ్లి ఇస్తే కోసిస్తారు. నేనూ అదే చేశాను. కోశాక ప్రతి తీగ కొసనీ ఆకురాయితో రుద్ది, అంచంతా రబ్బరు బీడింగ్ తొడగండి. ఆ బీడింగ్ చేతులు కోసుకోకుండా కాపాడుతుంది, కిరకిర చప్పుడూ ఆపుతుంది, లోహాన్ని లోహానికి ఆననివ్వదు.

ఆ చివరి మాట చిన్నది కాదు. స్టెయిన్‌లెస్ జాలీ నేరుగా మామూలు ఇనప రేకుకి ఆనితే, రంగు లేచిన చోట నీళ్లు చేరి ఇనుముని తుప్పు వేగంగా తినేస్తుంది. పాత అల్యూమినియం, జింకు పోత గ్రిల్‌లకీ అదే గతి. అందుకే ఆనే ప్రతి చోటా రబ్బరు గానీ నైలాన్ వాషర్ గానీ ఉండాలి.

బిగింపు

గ్రిల్ ముందువైపు ఒక్క చిల్లు కూడా వేయకుండా బిగించే పద్ధతి ఇది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం అల్యూమినియం పట్టీలు రెండు తీసుకోండి, ఒకటి పై అంచుకి, ఒకటి కింది అంచుకి. గ్రిల్ వెనక ప్రక్కటెముకల్లాంటి గట్ల మీద జాలీ పరిచి, దానిమీద పట్టీ పెట్టి, గ్రిల్‌ని బండికి పట్టే పాత స్క్రూ బుడిపెల్లోనే పట్టీని కూడా బిగించాలి. మందం పెరిగింది కాబట్టి అదే పేచు ఉన్న స్క్రూని కాస్త పొడుగుది తీసుకోండి, ఎంత మందం పెరిగిందో అంతే.

ఇక్కడ ఎండ లెక్క వస్తుంది. ప్లాస్టిక్, స్టీల్ ఒకేలా సాగవు. మీటరు పొడుగు ఏబీఎస్ గ్రిల్ 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది, స్టీల్ ఒక మిల్లీమీటరు కూడా సాగదు. తెల్లవారి 28 డిగ్రీలున్న బండి మే మధ్యాహ్నం బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఇంజిను వేడితో కలిసి ఆ తేడా తేలిగ్గా దాటుతుంది. అన్ని చిల్లులూ బిగుతుగా పట్టేస్తే రెండు మిల్లీమీటర్ల పైచిలుకు తేడా ఎక్కడికీ పోలేక గ్రిల్ మధ్యలో ఉబ్బుతుంది, లేకపోతే మూల బుడిపె పగులుతుంది. అందుకని పట్టీలో మధ్య చిల్లు మాత్రం గుండ్రంగా, సరిగ్గా స్క్రూ పట్టేంత. మిగతావి అడ్డంగా కోడిగుడ్డులా, అటు ఇటు 3 మిల్లీమీటర్ల ఆట ఉండేలా ఆకురాయితో సాగదీయాలి. నేను ఒక్కో చిల్లూ ఇంట్లో కూర్చుని సాగదీశాను, పట్టీకి అరగంట పట్టింది. రెండు ఎండాకాలాలు పోయాయి, ఒక్క పగులూ లేదు.

బిగించేటప్పుడు మధ్య స్క్రూ ముందు, తర్వాత కుడి ఒకటి ఎడమ ఒకటి, అలా చివరలకి పోవాలి. ప్లాస్టిక్‌లోకి పోయే స్క్రూని చేతి స్క్రూడ్రైవరుతో ఆనేవరకు, ఆ తర్వాత పావు చుట్టు, అంతే. డ్రిల్లు మిషనుతో తిప్పొద్దు. వదులవుతుందని పేచుకి లాకింగ్ ద్రవం పూయాలనిపిస్తుంది, అది ఏబీఎస్‌ని పగలగొడుతుంది కాబట్టి ప్లాస్టిక్ దగ్గర వద్దు. నట్లున్న చోట నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి వదులు కానివి) వేయండి.

రేకు ముఖమున్న జీపు పికప్‌కి రివెట్ నట్లు (రేకు చిల్లులోనే పట్టుకుని నిలిచే నట్లు) మంచివి. ఎం5 నట్టుకి 7 మిల్లీమీటర్ల చిల్లు, వెనక చట్రంలో కనపడని చోట. చిల్లు వేయగానే అంచుకి ప్రైమర్ రాయండి, మర్నాటికి వాయిదా వేయకండి. పాప్ రివెట్ వేస్తే పని తొందరగా అవుతుంది కానీ శుభ్రం చేయడానికి తీయాలంటే ప్రతిసారీ డ్రిల్లే గతి. జాలీ అతికించడానికి సిలికాన్ వాడాలనుకుంటే, వెనిగర్ వాసనొచ్చే రకం కొనకండి, ఆ ఆమ్లం లోహాన్ని తింటుంది. న్యూట్రల్ రకం అడగండి. నాకైతే అసలు అతికించడమే ఇష్టం లేదు.

రంగు

నల్ల మ్యాట్ జాలీ పాత బండికి నప్పుతుంది, లోపలి రేడియేటర్‌ని కూడా మరుగు చేస్తుంది. స్టెయిన్‌లెస్ మీద రంగు నిలవాలంటే 320 నంబరు నీటి గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, థిన్నరుతో తుడిచి, ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొరికి పట్టే మొదటి పూత) పలచగా ఒక కోటు, దానిపైన రంగు రెండు పలచని కోట్లు. ఒక్కసారే మందంగా కొడితే జాలీ మూలల్లో రంగు తెరలా పేరుకుని కన్ను మూసుకుంటుంది. పౌడర్ కోటింగ్ ఇంకా మన్నిక. దాన్ని 180 నుంచి 200 డిగ్రీల్లో కాలుస్తారు కాబట్టి రబ్బరు బీడింగ్ తొడక్కముందే ఇవ్వాలి, ప్లాస్టిక్ గ్రిల్‌ని అసలివ్వకూడదు. వాన ముసురులో రంగు కొడితే తెల్లగా మంచు పట్టినట్టు వస్తుంది, ఎండ కాసేదాకా ఆగండి.

వేశాక పరీక్ష

ఈ పరీక్షకి కావలసిన లెక్క జాలీ వేయకముందే రాసిపెట్టుకోవాలి. ఒకే దారి, ఒకే బరువు, ఒకే వేళ. నేను విజయవాడ నుంచి మంగళగిరి దాకా ఖాళీ బండితో ఒకసారి, లోడుతో ఒకసారి పోయి, టెంపరేచర్ ముల్లు ఎక్కడ నిలబడిందో మీటరు అద్దం మీద టేపు ముక్కతో గుర్తు పెట్టుకున్నాను. జాలీ వేశాక మళ్లీ అదే పని. ముల్లు గుర్తుకి కాస్త పైన నిలబడి కదలకుండా ఉంటే పర్వాలేదు. ట్రాఫిక్‌లో ఎక్కి, బండి కదిలాక కూడా దిగకపోతే గాలి చాలట్లేదు. కన్ను పెద్ద జాలీకి మారండి.

ఇంకో చిన్న పరీక్ష. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజిను ఆడుతుండగా ఒక దినపత్రిక కాగితాన్ని జాలీ ముందు పట్టుకోండి. బెల్టు ఫ్యాన్ ఉన్న బండి దాన్ని లోపలికి లాక్కుని అంటిపెట్టుకోవాలి. కాగితం జారిపోతే జాలీని తిట్టేముందు ఫ్యాన్ బెల్టు బిగువు, ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు చూడండి. రేడియేటర్ మూత కూడా చూడండి. 0.9 బార్ ఒత్తిడి పట్టే మూత నీటి మరుగుని 100 డిగ్రీల నుంచి 118 దాకా నెడుతుంది. దాని రబ్బరు పోతే ఎంత మంచి జాలీ వేసినా బండి మరుగుతుంది. వేడిగా ఉండగా ఆ మూత తీయొద్దు, ఆవిరి మొహం మీదికి కొడుతుంది.

చట్టం సంగతి రెండు మాటల్లో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చే మార్పులు చేయకూడదు. 2019 సవరణ తర్వాత యజమాని చేసిన ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ముందుకు పొడుచుకొచ్చే ఇనప బుల్ బార్లు వద్దని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకి రాసింది. గ్రిల్ చట్రం లోపలే ఉండి, ముందుకి రాకుండా, లైట్లని, నెంబరు ప్లేటుని కప్పకుండా ఉండేలా జాలీ వేయండి. అసలు గ్రిల్ దాచుకుంటే ఫిట్‌నెస్‌కి పోయే రోజు ఎవరైనా వంకపెట్టినా అరగంటలో పాతది తగిలించుకోవచ్చు. చిల్లులు వేయవద్దని పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

శుభ్రం

జనవరి చివరి నుంచి మే దాకా, మిర్చి నడిచే రోజుల్లో, వారానికోసారి జాలీ చూడండి. తొడిమలు చేత్తో లాగేయాలి, లోపలికి నెట్టకూడదు. నెడితే రేడియేటర్ రెక్కల్లోకి పోయి కూర్చుంటాయి. నీళ్లు ఇంజిను వైపు నుంచి ముందుకి, మామూలు పైపుతో. వాషింగ్ సెంటరులో ప్రెజరు గన్ను దగ్గర పెట్టి కొడితే సన్న రెక్కలు పడుకుండిపోతాయి, అప్పుడు జాలీ తెరిచి ఉన్నా గాలి పోదు. ఏడాదికోసారి పట్టీలు విప్పి, బీడింగ్ కింద ఇసక కడిగి, స్క్రూలకి కాస్త గ్రీజు రాసి మళ్లీ బిగించండి.

దసరాకి ఆయుధపూజ చేసినప్పుడు బంతిపూల దండ గ్రిల్‌కి అడ్డంగా, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కడతాం. నాన్న మాత్రం దాన్ని బంపరు మీదికి జార్చి కట్టేవారు, నిమ్మకాయలు మిరపకాయలు ఒక మూలకి. చిన్నప్పుడు ఎందుకో అర్థమయ్యేది కాదు. పూజయ్యాక ఆ దండతోనే లోడుకి పోయేవారు.